వరండాను వరండాగానే ఉండనీ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ, దాంతోపాటు 'వరండా' అనే మాట మీద నువ్వు రాసిన వ్యాసం రెండూ అందాయి. వ్యాసం ముందు చదివాను, కథ తరవాత. అలా చదవడమే మంచిదయింది. వరండా పరాయి మాటని తెలిసిన రోజు నుంచి నీకు దాని మీద మనసు విరిగినట్టుంది. కథలో అది కనబడ్డ ప్రతి చోటా కొట్టేసి 'అరుగు' అని దిద్దావు. తెలుగు మీద నీకున్న ప్రేమ చూస్తే సంతోషం వేసింది. కానీ ఆ దిద్దుబాట్లు కథను పాడు చేశాయి తల్లీ. ఎలా పాడు చేశాయో వివరంగా చెప్పాలనే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

మొదటి పేజీలో పొదిలి దగ్గర పల్లెలో తాతయ్య అరుగు మీద పడక్కుర్చీ వాల్చుకుని నిద్రపోతున్నాడు. అరుగు అంటే వీధి తలుపుకు అటూ ఇటూ గోడనానుకుని కట్టిన దిమ్మె. మనిషి కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చునేంత ఎత్తు. వెడల్పు మహా అయితే ఒక మనిషి నడుం వాల్చేంత. దాని మీద తుండుగుడ్డ పరుచుకుని పడుకుంటారు, గోడకు చేరగిలబడి చుట్ట కాలుస్తారు, పులీమేకా ఆడతారు. పడక్కుర్చీ అక్కడ ఇమడదు. తాతయ్య పడక్కుర్చీ ఉండేది పంచలో, అంటే ఇంటి ముందు చూరు కింది చోట్లో. ఇక తొమ్మిదో పేజీలో ఆస్పత్రి అరుగు మీద స్ట్రెచర్లు బారులు తీరాయి. మన ఊళ్ళ వైపు మనిషి ఎవరైనా ఆ వాక్యం దగ్గర ఆగిపోతాడు. రోగుల వెంట వచ్చినవాళ్ళు చాపలు పరుచుకుని రాత్రుళ్ళు గడిపే ఆ పొడుగాటి చోటును మీ అమ్మమ్మ కూడా వరండా అనే అంటుంది. ఆమె నోట్లో అది 'వరాండా' అవుతుందేమో, అంతే.

మాట ఎక్కడ పుట్టిందనే విచారణకు ముందు అది దేనికి పేరో తెలియాలి. నిఘంటువు అరుగుకు తిన్నె, వేదిక అని పక్కపక్కనే అర్థాలిస్తుంది. అవి చదివి రాసేవాడికి అన్నీ ఒకటే అనిపిస్తాయి. ఇల్లు కట్టే మేస్త్రీకి, ఇల్లు ఊడ్చే మనిషికి అవి ఒకటి కావు.

మన పాత ఇంటిని వీధి వైపు నుంచి లోపలికి నడిచి చూడు. మొదట వచ్చేది ముంగిలి. మున్ అంటే ముందు. ఇంటి ముందు చోటు ముంగిలి. తమిళంలో దీనికి సరిగ్గా తోబుట్టువు లాంటి మాట ఉంది, మున్ఱిల్ అని. వాకిలి అసలు గుమ్మానికి పేరు. వాయి అంటే నోరు, ఇంటికి నోరు వాకిలి. తమిళంలో వాయిల్, కన్నడంలో బాగిలు, అన్నీ ఒకే కుటుంబం. ఆ నోటి ముందున్న జాగాకు కూడా అదే పేరు పాకింది. అందుకే మనవాళ్ళు 'వాకిలి ఊడ్చి ముగ్గెయ్యి' అంటారు, గుమ్మాన్ని ఊడవమని దానర్థం కాదు. ఇంటికి ముందున్నది ముంగిలి అయితే వెనకున్నది పెరడు. పెర అంటే వెనక, అవతలిది. నెల్లూరు వైపు పల్లెల్లో చాలామంది దొడ్డి అంటారు.

వాకిలికీ ఇంటి గోడకూ మధ్య, చూరు కింద ఉండేది పంచ. దీన్ని కాస్త నిదానంగా అర్థం చేసుకో, ఎందుకంటే మన ఇళ్ళకు ప్రాణం ఇదే. నెల్లూరు, ఒంగోలు తీరంలో గట్టి వానలు పడేది ఆశ్వయుజ కార్తీకాల్లో, ఈశాన్య రుతుపవనాలతో. వాయుగుండం పట్టిందంటే వాన నిలువుగా పడదు, గాలితో కలిసి ఏటవాలుగా గోడను కొడుతుంది. మట్టిగోడకు అది చావుదెబ్బ. అందుకే వాసాలను గోడ దాటించి ముందుకు దింపారు. తాటాకు కప్పు అయితే చూరు ఎంత కిందికి ఉండేదంటే, ఎంతటివాడైనా తల వంచి లోపలికి రావాల్సిందే. చూరు నుంచి కారే నీళ్ళు నేలమీద పడి చిందితే గోడ అడుగు నానిపోతుంది. అరుగు ఆ అడుగును కాపాడే కట్టు. అదే మళ్ళీ రోహిణి కార్తెలో ఎండను గోడ దాకా రానివ్వదు, మధ్యాహ్నం మనిషికి నడుం వాల్చే చోటిస్తుంది. వానకూ ఎండకూ పుట్టిన ఏర్పాటు ఇది. మనుషులు కూర్చోవడం ఆ తరవాత వచ్చింది.

ఆ కూర్చోవడం నుంచి ఎన్ని నుడికారాలు పుట్టాయో చూడు. దిక్కులేనివాడు ఒకరి పంచన చేరతాడు. అవసరమున్నవాడు ఒకరి చూరు పట్టుకుని వేలాడతాడు. ఇష్టం లేని చుట్టాన్ని వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడతారు. మన పెరట్లో ఉన్న చెట్టు మనకు వైద్యానికి పనికిరాదు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఆ రచ్చ కూడా బయటి చోటే, నలుగురూ చేరే చోటు. సంస్కృతంలో రథ్య అంటే వీధి, అది ప్రాకృతంలో రచ్ఛ అయి మన దగ్గరికి వచ్చింది. రచ్చబండ అంటే ఎంత అచ్చ తెలుగుగా వినిపిస్తుందో! దాని మొదటి సగం వలస వచ్చిన మాట. ఆ లెక్కన దాన్ని కూడా కొట్టేస్తావా?

వసారాను కూడా నువ్వు మన జాబితాలో వేశావు. ఇంటి గోడకు ఆన్చి దించిన ఏటవాలు కప్పు వసారా. హిందీలో ఓసారా, మరాఠీలో ఓసరీ ఉన్నాయి, అర్థం కూడా దాదాపు ఇదే. ఈ పోలిక చూశాక అది అచ్చ తెలుగు మాటని నేనైతే రాయను.

ఇప్పుడు నీ వ్యాసం సంగతికి వస్తాను. వరండా పుట్టుక గురించి నువ్వు ఒక్క వాక్యంలో తీర్పు ఇచ్చేశావు. అది అంత తేలిగ్గా తేలే కేసు కాదు.

ఇంగ్లీషువాళ్ళు ఈ మాటను ఇండియాలోనే నేర్చుకున్నారు. వాళ్ళ రాతల్లో అది 18వ శతాబ్దం మొదట్లో కనబడుతుంది. ఆ తరవాత వాళ్ళతోపాటు ఆస్ట్రేలియా దాకా వెళ్ళింది. అందుకని చాలాకాలం ఇది భారతీయ పదమే అనుకున్నారు. 1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు కలిసి ఆంగ్లో ఇండియన్ మాటలకు హాబ్సన్ జాబ్సన్ అనే పెద్ద నిఘంటువు వేశారు. వరండా పుట్టుక మీద అప్పటిదాకా నడిచిన వాదాలన్నీ అందులో ఉన్నాయి. వాళ్ళు చూపించిన సాక్ష్యాల్లో ఒకటి నాకు చాలా ఇష్టం. 1498లో వాస్కోడగామా కాలికట్ చేరాడు. ఆ ఓడల్లో వచ్చిన ఒకతను ప్రయాణపు దినచర్య రాశాడు. కాలికట్‌లో తమను ఉంచిన చోట ఒక పెద్ద లోహపు దీపస్తంభం వెలుగుతోందని అందులో రాస్తూ, ఆ చోటును 'వరాందా' అన్నాడు. ఆ మాటకు అర్థం కూడా చెప్పలేదు. కొత్త దేశంలో కొత్తగా విన్న మాటైతే తన దేశంలో చదివేవాళ్ళ కోసం ఇదీ అని వివరించడూ? అంటే ఆ మాట అతను తన ఊరి నుంచే తెచ్చుకున్నాడనుకోవాలి. స్పానిష్‌లో బరాందా అంటే కటకటాల అడ్డు, పిట్టగోడ లాంటిది. 1505 నాటి ఒక స్పానిష్ అరబ్బీ పదకోశంలో కూడా ఈ మాట ఉంది. పోర్చుగీసులో వారా అంటే కర్ర, దాన్నుంచి వచ్చిందని కొందరంటారు.

అవతలి వాదం కూడా విను. సంస్కృత నిఘంటువుల్లో వరండ అనే మాట ఉంది. దాని అర్థాల్లో ఒకటి, పోట్లాడే రెండు ఏనుగుల మధ్య కట్టే మట్టిగట్టు. గట్టు నుంచి నీడపట్టు దాకా అర్థం ఎలా నడిచిందో చూపించే మెట్లు మాత్రం దొరకవు. ఇంకొందరు పారసీకంలో బరామదా, అంటే బయటికి వచ్చినది, దాన్నుంచి తీస్తారు. హిందీ ఉర్దూల్లో వరండాను ఇవ్వాళ్టికీ బరామ్‌దా అంటారు కాబట్టి ఆ మాట చెవికి బాగా నప్పుతుంది. చెవికి నప్పడమే దాని బలం, అదే దాని బలహీనత కూడా. పండితుల వాదం పూర్తిగా తెగలేదు. నా మటుకు నాకు 1498 నాటి ఆ వాక్యం చాలా బరువుగా కనిపిస్తుంది. వ్యాసంలో నువ్వు రాయాల్సింది ఇంతే: పోర్చుగీసు వాదానికి పాత సాక్ష్యం ఉంది, మిగతావాటికి పోలిక ఉంది. తీర్పు చదివేవాళ్ళకు వదిలినా నష్టం లేదు.

ఒక మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే నీ వ్యాసం ఆ దారిలో వెళ్ళేట్టుంది. మనకు దక్షిణాన పులికాట్‌లో పోర్చుగీసువాళ్ళు 16వ శతాబ్దంలోనే ఉన్నారు. ఇంగ్లీషువాళ్ళు మద్రాసు కన్నా ముందే, 1626 ప్రాంతంలో, మన దుగరాజపట్నంలో వర్తకశాల పెట్టారు. దీన్ని పట్టుకుని వరండా మన రేవులోనే దిగిందని రాయబుద్ధేస్తుంది. రాయకు. పక్కన ఉండటం సాక్ష్యం కాదు. బొత్తాం, అలమార, తువాలు, పీపా, చివరికి వరండా కట్టే మేస్త్రీ కూడా పోర్చుగీసు మాటలే, అంతవరకు నిజం. ఏ మాట ఏ రేవులో దిగిందో చెప్పాలంటే ఆనాటి కాగితం కావాలి.

ఇదే చోట నీ వ్యాసంలోని ఇంకో పేరాను పట్టుకోవాలి. అంగన్‌వాడీలో అంగన అంటే స్త్రీ అనీ, ఆడవాళ్ళు నడిపే బడి కాబట్టి ఆ పేరు వచ్చిందనీ రాశావు. కుదిరినట్టే ఉంటుంది, కానీ తప్పు. 1975 అక్టోబర్ 2న కేంద్రం మొదలుపెట్టిన పథకంతో వచ్చిన హిందీ మాట అది. ఆంగన్ అంటే ఇంటి ముంగిలి. సంస్కృతంలో అంగణం, మనం ప్రాంగణం అంటామే, అదే. పిల్లల్ని ముంగిట్లో కూర్చోబెట్టుకుని చూసుకునే చోటు అని ఆ పేరులోని భావం. చూశావా, వరండాను వెళ్ళగొడుతూ వ్యాసం రాస్తున్నప్పుడే ఒక చక్కటి ముంగిలి నీ పక్కనుంచి వెళ్ళిపోయింది. నెల్లూరులో స్థలాలు అంకణాల్లో అమ్ముతారు కదా, అంగణమూ అంకణమూ ఒకటేనని రేపు ఎవరో ఒకరు నీకు చెబుతారు. ఇంటి కట్టుబడిలో అంకణమంటే రెండు దూలాల మధ్య జాగా. రెండంకణాల ఇల్లు, మూడంకణాల ఇల్లు అంటారు. శబ్దం దగ్గరగా ఉందని చుట్టరికం కలపకు. అర్థం ఎలా మారుతూ వచ్చిందో మెట్టు మెట్టుగా చూపించగలిగితేనే కలుపు.

నీకు పనికొచ్చే పరీక్ష ఒకటుంది. మాట వెనక 'లో' పెట్టి పలికి చూడు. ఇల్లు, ఇంట్లో. వాకిలి, వాకిట్లో. ముంగిలి, ముంగిట్లో. పెరడు, పెరట్లో. నాగలి నాగటి అవుతుంది, రోకలి రోకటి అవుతుంది. 1858లో పరవస్తు చిన్నయసూరి తన బాలవ్యాకరణంలో ఈ మార్పులకు ఔపవిభక్తికాలని పేరు పెట్టి సూత్రాలు రాశాడు. సూత్రం తెలియని పసిపిల్ల కూడా 'పెరడులో' అనదు. మాట భాషలో అంత లోతుగా పాతుకుపోయిందన్నమాట. వరండాలో, వసారాలో, బాల్కనీలో అన్నప్పుడు మాట కదలదు, ఉన్నదున్నట్టు ఉంటుంది. అయితే జాగ్రత్త, ఈ పరీక్ష ఒక వైపే పని చేస్తుంది. అరుగు, పంచ కూడా కదలవు, అంతమాత్రాన అవి బయటివని తేల్చకూడదు. కదిలితే పాతకాపు అనుకోవచ్చు. కదలకపోతే ఇంకో సాక్ష్యం వెతకాలి. కథ రాసేటప్పుడు దీనితో ఇంకో లాభం కూడా ఉంది. 'ముంగిలిలో', 'వాకిలిలో' అని నీ కథలో రెండు చోట్ల పడ్డాయి. వాటిని ముంగిట్లో, వాకిట్లో అని మార్చు. వాక్యం నడక అక్కడ దానంతటదే మన ఊరి నడక అవుతుంది.

అరుగు గురించి నువ్వు ఎక్కడా రాయని ఒక చరిత్ర ఉంది, దాన్ని వదులుకోకు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇంగ్లీషు దొరలు అరుగును 'పయాల్' అని రాసేవాళ్ళు. ఊళ్ళో పంతులు తన ఇంటి అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టి ఇసకలో అక్షరాలు దిద్దించే బళ్ళు వాళ్ళ కాగితాల్లో పయాల్ స్కూళ్ళయ్యాయి. పయాల్ తెలుగు మాటేమోనని విల్సన్ అనే పండితుడు అనుకున్నాడు. యూల్, బర్నెల్ దాన్ని పోర్చుగీసు పోయాల్ అని తేల్చారు. కూర్చునే రాతి దిమ్మె అని అర్థం. దాని వెనక లాటిన్ పోడియం ఉంది. శాసనసభలో గొడవ జరిగినప్పుడల్లా 'స్పీకర్ పోడియం చుట్టుముట్టారు' అని పేపర్లో చదువుతామే, అదే పోడియం.

ఇక్కడ నాకు ఆలోచించదగ్గదిగా తోచే విషయం వేరే ఉంది. పయాల్, వరండా రెండూ దాదాపు ఒకే తోవలో వచ్చిన మాటలు. పయాల్‌ను మన జనం ముట్టుకోలేదు, దొరల కాగితాల్లోనే ఉండిపోయింది. వరండా మాత్రం పల్లెటూరి ముసలమ్మ నోటికి కూడా ఎక్కింది. ఎందుకని? అరుగుకు పేరు మనకు ముందే ఉంది, రెండో పేరుతో పని లేదు. వరండా అట్లా కాదు. కచేరీలు, కోర్టులు, ట్రావెలర్స్ బంగళాలు, ఆస్పత్రులు, హైస్కూళ్ళు కట్టినప్పుడు, స్తంభాల వరసతో, గదులన్నిటి ముందూ సాగిపోయే ఆ పొడుగాటి నీడపట్టు మన పల్లెటూరి ఇంటికి లేనిది. కొత్త చోటు కొత్త పేరుతో వచ్చింది. అందుకే ఇప్పటికీ చెవి పెట్టి విను, పల్లెలో ఇంటి ముందున్నది పంచ, ఆఫీసు ముందున్నది వరండా. ఒకే మనిషి ఒకే పూట రెండు మాటలూ వాడతాడు, ఎప్పుడూ తడబడడు. కలెక్టరాఫీసు వరండాలో అర్జీ పట్టుకుని నిలబడ్డ రైతును ఊహించుకో. ఆ మాటలో ఎదురుచూపు ఉంది, బంట్రోతు కసురు ఉంది, పిలుపు వస్తుందో రాదో అనే టెన్షన్ ఉంది. నీ కథలో ఆ ఆడమనిషి రాత్రంతా ఆస్పత్రిలో కూర్చున్న చోట 'వరండా' అనే మాట ఆ పని అంతా చేస్తోంది. దాన్ని తీసేసి అరుగు పెట్టేసరికి ఆమె ఊళ్ళో ఇరుగుపొరుగుతో కబుర్లకు కూర్చున్నట్టయింది.

ఇక అన్నిటికన్నా పెద్ద చిక్కు నాలుగో పేజీలో ఉంది. కూలి డబ్బుల కోసం వచ్చిన మనిషి ఆసామి పక్కన అరుగు మీద కూర్చుని మాట్లాడాడు. ఇది 1970ల నాటి కథ అని నువ్వే రాశావు. ఆ రోజుల్లో మన పల్లెల్లో మాల మాదిగ పేటల నుంచి వచ్చిన మనిషి ఆసామి అరుగు మీద కూర్చోవడమా? వాకిట్లో నిలబడి, చెప్పులు చేత్తో పట్టుకుని, తలగుడ్డ తీసి మాట్లాడి వెళ్ళాలి. కొందరు చూరు కింది దాకా రావచ్చు, కొందరు పంచలో కింద కూర్చోవచ్చు, కొందరే అరుగు ఎక్కవచ్చు. ఇంటి ముందున్న ఆ పది పన్నెండు అడుగుల జాగా మీద ఊరి కులాల లెక్క అంతా గీసి ఉండేది. ఎవరూ నోరు తెరిచి చెప్పక్కర్లేదు, ఎవరు ఎక్కడ ఆగాలో ప్రతివాడి కాళ్ళకూ తెలుసు. నువ్వు మాటను మార్చిన ఊపులో ఆ గీతలన్నీ చెరిపేశావు. ఆ మనిషి నిజంగానే వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడని రాయదలిస్తే రాయి, కానీ అప్పుడు నీ కథ అదే. ఆసామి చేతిలో చుట్ట ఆగిపోవాలి, ఎదురింటి అరుగు మీదవాళ్ళు లేచి నిలబడాలి, లోపల ఆడవాళ్ళ గొంతులు ఆగాలి. ఆ రాత్రి పేటలో ఏం జరిగిందో కూడా రాయాలి.

ఆడవాళ్ళ సంగతీ అంతే. వీధి అరుగు మగవాళ్ళది. పెద్దవాళ్ళు కూర్చుని ఉంటే కోడలు అటు తొంగి చూసేది కూడా కాదు. వాళ్ళ లోకం పెరట్లో, బావి గట్టు మీద, రోటి దగ్గర. నీ కథలో అత్తాకోడళ్ళ మాటలు ముందు వైపు జరిగాయి. వాటిని పెరట్లోకి తీసుకుపో. అప్పుడు ఆ మాటలు ఇంకాస్త ధైర్యంగా వస్తాయి, నువ్వే చూస్తావు.

మన జిల్లాల్లో మాటలు ఊరూరికీ మారతాయని కూడా గుర్తుంచుకో. ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లాగా ఏర్పడింది, 1972లో టంగుటూరి ప్రకాశం గారి పేరు పెట్టారు. నెల్లూరు నుంచి కొన్ని తాలూకాలు, గుంటూరు నుంచి కొన్ని, కర్నూలు నుంచి కొన్ని తెచ్చి కలిపిన జిల్లా అది. మార్కాపురం అంతకుముందు కర్నూలుది, కందుకూరు నెల్లూరుది, అద్దంకి గుంటూరుది. జిల్లా గీత మార్చినంత తేలిగ్గా నోట్లో మాట మారదు. పడమటి వైపు మిద్దె ఇళ్ళు, సముద్రం వైపు తాటాకు ఇళ్ళు. ఒకచోట గొడ్ల చావిడి అన్నది ఇంకోచోట కొట్టం. నెల్లూరుకు దక్షిణంగా పోయేకొద్దీ తమిళం చెవిన పడుతుంది, తిన్నె అనే మాట తమిళ తిణ్ణైకి దగ్గరిదని అక్కడ ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. మనకు ఇసక తిన్నె కూడా తిన్నే. అందుకని 'ప్రకాశం జిల్లా యాస' అని ఒకటుందనుకుని రాయకు. నీ పాత్ర ఏ ఊరిదో ముందు తేల్చుకో.

దీనికి దారి చూపినవాళ్ళు మన వైపే ఉన్నారు. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారి ఆధ్వర్యంలో ఊళ్ళలో రైతులు వాడే మాటలు జిల్లాల వారీగా సేకరించి 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం వేశారు. ఏ మాట ఏ ప్రాంతంలో వాడతారో అందులో గుర్తించారు. ఇళ్ళ కట్టుబడి మాటలకు కూడా ఆ వరసలో ఒక సంపుటం ఉంది. వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్ళు. 1918లో మొదలైన గ్రంథాలయం, పాత పత్రికలు అక్కడున్నట్టు ఇంకెక్కడా చూడలేవు. వంద ఏళ్ళ కిందటి పత్రికల్లో కథలు తిరగేసి, ఎవరు ఎక్కడ వరండా అన్నారో, ఎక్కడ పంచ అన్నారో రాసుకుంటే నీ వ్యాసానికి అసలైన బలం వస్తుంది. నెల్లూరు జిల్లా శాసనాలు 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల చెట్టి వేసిన మూడు సంపుటాల్లో ఉన్నాయి. ఇంకా పాత మాటల కోసం అవి చూడు.

కొత్త మాటల గురించి నువ్వు అడిగినదానికి ఎక్కువ చెప్పను. ఇప్పుడు ఒంగోలులో, నెల్లూరులో కట్టే ఇళ్ళకు పోర్టికో ఉంటుంది, సిటౌట్ ఉంటుంది, అపార్ట్‌మెంటుకు బాల్కనీ ఉంటుంది. పోర్టికో, బాల్కనీ ఇటలీ నుంచి వచ్చాయి. సిటౌట్ మన ఇంజినీర్ల నోట్లో నలిగిన ఇంగ్లీషు. చీమకుర్తి గ్రానైటు పరిచిన సిటౌట్‌లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఫోన్ చూసుకునే మనిషిని అరుగు మీద కూర్చోబెట్టకు, ఆ ఇంటికి అరుగు లేదు. సిమెంటు రోడ్ల మీద రోడ్లు వేసి వీధి ఎత్తు పెరిగాక ఉన్న పాత అరుగులు కూడా చాలా చోట్ల నేలకు సమానమయ్యాయి. అది రాయదగ్గ విషయం. అందుకు సిటౌట్ అనే మాట కూడా నీకు కావాలి.

ఇక పనులు. కథలో మొదటి పేజీ తాతయ్యను పంచలోకి మార్చు. ఆస్పత్రిలో వరండా తిరిగి పెట్టు. నాలుగో పేజీ మొత్తం కొత్తగా రాయి, ఆ కూలీమనిషి ఎక్కడ నిలబడ్డాడో అక్కడినుంచి ఆసామిని అతని కళ్ళతో చూసి రాయి. 'ఏందబ్బయా, ఆడనే నిలబడ్డావు' అనే నీ ఆసామి మాట బాగుంది, దాన్ని మాత్రం కదిలించకు. అందులో పిలుపూ ఉంది, రానివ్వకపోవడమూ ఉంది.

వ్యాసాన్ని పత్రికకు పంపే తొందరలో ఉన్నావు కాబట్టి అంగన్‌వాడీ పేరా ముందు సరిచేయి, వరండా మీద తీర్పు వాక్యం తీసేసి సాక్ష్యాలు పెట్టు. పండక్కి ఊరు వెళ్ళినప్పుడు మీ ఊళ్ళో పాత ఇళ్ళు కట్టిన మేస్త్రీ ఎవరైనా ఉంటే కూర్చుని అడుగు: పంచకూ వసారాకూ తేడా ఏంటి, చూరు ఎన్ని మూరలు దించేవాళ్ళు, అరుగుకు రాయి ఎక్కణ్ణుంచి తెచ్చేవాళ్ళు, మట్టిలో ఏం కలిపేవాళ్ళు. ఆయన ఎలా పలికితే అలాగే రాసుకో, దిద్దకు. అది చేరాక వ్యాసం మీద ఇంకోసారి మాట్లాడుకుందాం. వచ్చే నెలాఖరు దాకా నేను నెల్లూరులోనే ఉంటాను.

ఆశీస్సులతో